కాలినా ఏడుపు రాని కంప్యూటర్ కావాలి

2026 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా బాబాయి వాళ్ళింట్లో టీవీ స్టాండులో, పింగాణీ బొమ్మల పక్కన, ఎరుపూ తెలుపూ రంగుల్లో ఒక బుల్లి అట్టపెట్టె కనబడింది. దగ్గరికెళ్ళి చూద్దును కదా, రాస్ప్‌బెర్రీ పై 5! బాబాయి కొడుకు బీటెక్ రెండో సంవత్సరం, ఈసీఈ. వాడు కొనిపించుకున్నాడట. నాకు భలే ముచ్చటేసింది.

"ఏరా, ఏం చేశావు దీంతో?" అనడిగా.

"ఒకసారి ఆన్ చేసి చూశానన్నయ్యా. డెస్క్‌టాప్ వచ్చింది. మళ్ళీ పెట్టెలో పెట్టేశా."

"అదేంట్రా? పిన్నులకి ఏమీ తగిలించలేదా? కనీసం ఒక ఎల్ఈడీ?"

"అమ్మో, కాలిపోతేనో? అన్నీ కలిపి పదివేలయింది. నాన్న చంపేస్తాడు."

బాబాయి అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తకుండానే "నేనెందుకు చంపుతానురా, వాడుకోమనేగా కొనిచ్చింది" అన్నాడు. రెండు క్షణాలాగి, "జాగ్రత్తగా వాడుకో" అని కూడా అన్నాడు. మావాడి చెవిలో ఆ రెండో ముక్కే పడింది. పెట్టె మళ్ళీ బొమ్మల పక్కకి చేరింది.

తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని దీని గురించే ఆలోచించాను. పై 6 ఎలా ఉండాలి అని ఎవరినడిగినా ఒకటే పాట. ఇంకా స్పీడు కావాలి, 32 జీబీ ర్యామ్ కావాలి, బోర్డు మీదే ఎన్వీఎమ్ఈ స్లాటు కావాలి, ఏఐకి ఎన్‌పీయూ కావాలి. నిన్నమొన్నటిదాకా నేనూ అదే పాట పాడేవాణ్ణి. ఆ పెట్టెని చూశాక మాత్రం నా కోరిక ఒకటే అయిపోయింది. కాలిపోయినా కుర్రాడికి ఏడుపు రాని బోర్డు కావాలి.

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నా. కొంచెం వెనక్కి వెళ్దాం.

2018లో, నా బీటెక్ చివరి సంవత్సరంలో, ప్రాజెక్టు కోసం నలుగురం కలిసి ఒక పై 3 కొన్నాం. అప్పట్లో మా బ్యాచ్‌లో చాలామంది అమీర్‌పేట వెళ్ళి రెడీమేడ్ ప్రాజెక్టు, దాంతోపాటు రిపోర్టు, పీపీటీ కూడా కొనుక్కొచ్చేవాళ్ళు. మేము మాత్రం "సొంతంగా చేద్దాం రా" అని కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి సెన్సార్లు, జంపర్ వైర్లు ఏరుకొచ్చాం. బోర్డు దాదాపు మూడువేలు. తలా ఏడొందల యాభై. అడాప్టరు కొనలేదు, హాస్టల్లో పాత ఫోన్ చార్జర్ ఉంది. స్క్రీను కొనలేదు, కామన్ రూమ్ టీవీ ఉంది. కేబులు కొనలేదు, ఆ టీవీ సెట్‌టాప్ బాక్సుది పీకి పెట్టాం. చార్జర్ కరెంటు చాలక స్క్రీను మూలన మెరుపు గుర్తు వచ్చి పోతుండేది. అయినా బండి నడిచింది.

పదిరోజులకి కాల్చాం. అర్ధరాత్రి, పవర్ ఆన్‌లో ఉండగానే, మనవాడొకడు వైరు సర్దబోయి స్క్రూడ్రైవర్ మొన ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య ఆనించాడు. ఒకటి 3.3 వోల్టులు, రెండు 5 వోల్టులు. పక్కపక్కనే ఉంటాయి. టక్కున ఆరిపోయింది, ఇక లేవలేదు. ఆ రాత్రి ఎవడూ అన్నం తినలేదు. అయితే వారం తిరిగేసరికి ఇంకో ఏడొందల యాభై చొప్పున వేసుకుని రెండోది కొన్నాం. నెలంతా హాస్టల్ క్యాంటీన్లో ఆమ్లెట్ మానేశాం, అంతే!

నాకు వోల్టేజి అంటే ఏంటో అర్థమైంది ఆ రాత్రే. నాలుగేళ్ళ లాబ్‌లో అర్థం కాలేదు. లాబ్‌లో మల్టీమీటర్‌ని అటెండరు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు కదా, పాడైపోతుందని.

ఇప్పుడు మావాడి బోర్డు కాలితే ఏమవుతుంది? బాబాయి తిట్టడు, నాకు తెలుసు. కానీ రెండోది రాదు. కథ అక్కడితో సమాప్తం. రెండోది రాదని వాడికి తెలుసు కాబట్టే మొదటిది పెట్టెలోంచి బయటికి రావట్లేదు.

అసలు ఈ బోర్డు పుట్టిందే ఈ భయం పోగొట్టడానికి. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సుకి దరఖాస్తు చేసేవాళ్ళ సంఖ్య ఏటా తగ్గుతోందని, వచ్చేవాళ్ళకి కూడా చిన్నప్పటి నుంచి మెషీన్‌తో కుస్తీ పట్టిన అనుభవం ఉండట్లేదని ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు గమనించారు. ముందు తరం వాళ్ళకి 1981లో వచ్చిన బీబీసీ మైక్రో లాంటి ఇంటి కంప్యూటర్లు ఉండేవి. ఆన్ చేస్తే నేరుగా బేసిక్ ప్రాంప్ట్. తరవాతి తరానికి ఇంట్లో పీసీ వచ్చింది గానీ, దాన్ని కెలికితే నాన్న ఆఫీసు ఫైళ్ళు పోతాయి. అందుకని పిల్లలు తమదే అనుకుని కెలికే, పోయినా కొంప మునగని కంప్యూటర్ ఒకటి చెయ్యాలనుకున్నారు. బీబీసీ మైక్రో మీద అభిమానంతో మోడల్ ఏ, మోడల్ బీ అనే పేర్లు కూడా అక్కణ్ణుంచే తెచ్చుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న మోడల్ బీ 35 డాలర్లకి అమ్మకానికొస్తే ఆ రోజు అమ్మే సైట్లు కుప్పకూలాయి. ఇప్పటిదాకా 6 కోట్లకి పైగా బోర్డులు అమ్ముడుపోయాయి.

సరిగ్గా అదే సమయంలో మన దగ్గర ఇంకో 35 డాలర్ల కంప్యూటర్ వార్తల్లో ఉంది. గుర్తుందా, ఆకాశ్ టాబ్లెట్? 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో ఆవిష్కరించారు. అసెంబ్లీ మన హైదరాబాద్‌లోనే. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా స్కూలుకి ఎప్పుడొస్తుందా అని రోజూ పేపర్లో వెతికేవాణ్ణి. రాలేదు. ఒకే ధర, దాదాపు ఒకే కాలం. ఒకటి కనుమరుగైంది, ఇంకోటి ప్రపంచమంతా పాకింది. ఎందుకంటారు? నాకనిపించేది ఇది. టాబ్లెట్ అనేది చూడ్డానికి ఇచ్చే వస్తువు. పై అనేది విప్పడానికి ఇచ్చిన వస్తువు. పైగా అమ్మి చేతులు దులుపుకోలేదు వాళ్ళు. 2012 నాటి బోర్డు మీద కూడా 2025లో వచ్చిన 32 బిట్ ఓఎస్ ఎక్కుతుంది. మన ఫోన్లకి మూడేళ్ళు అప్‌డేట్లు వస్తే పండగ చేసుకుంటాం కదా, దీంతో పోల్చి చూడండి.

ఇక ధర సంగతి. 2012లో 35. 2015లో నాలుగు కోర్ల పై 2 వచ్చింది, 35. 2016లో వైఫై, బ్లూటూత్‌తో పై 3 వచ్చింది, అదీ 35. మన సర్వీసు కంపెనీల ఫ్రెషర్ ప్యాకేజీలాగా ఏళ్ళ తరబడి కదల్లేదన్నమాట. తేడా ఏంటంటే ఇది కదలకపోతే మనకి ఆనందం, అది కదలకపోతే ఏడుపు :)

2015 నవంబర్‌లో అయితే 5 డాలర్ల పై జీరో తెచ్చారు. వాళ్ళ పత్రిక కొన్నవాళ్ళకి అట్టమీద అంటించి ఉచితంగా ఇచ్చారు! మన వారపత్రికలతో షాంపూ పాకెట్ ఇచ్చినట్టు కంప్యూటర్ ఇచ్చారు మాస్టారూ! "పాడైతే పోనీలే" అని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

తరవాత కథ మారింది. 2019లో పై 4 కూడా 35 దగ్గరే మొదలైంది. 2021 అక్టోబర్‌లో చిప్పుల కొరతతో మొదటిసారి ఒక మోడల్ ధర పెంచారు. ఆ కొరతలో తమ బోర్డుల మీద బతికే చిన్న కంపెనీలు మూతపడకూడదని పరిశ్రమల ఆర్డర్లకి ముందు పీట వేశారు. కారణం న్యాయమైనదే. కానీ విడిగా కొనేవాళ్ళకి సరుకు లేదు. ఆ రోజుల్లో ఒక డీలరు నన్ను పై 4కి రెట్టింపు అడిగాడు. అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి గొణుక్కుంటూ ఇచ్చాను. 2023లో పై 5 వచ్చింది, 4 జీబీది 60 డాలర్లు. 2024 జూన్‌లో కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఎక్కింది. 2025 డిసెంబర్‌లో మెమరీ చిప్పుల ధరలు మండిపోవడంతో అదే 4 జీబీది 70, 8 జీబీది 95, 16 జీబీది 145 అయ్యాయి. 2026 ఫిబ్రవరిలో మళ్ళీ పెంచారు. తెలుగులో పై అంటే పైన అని కదా, ధర ఆ అర్థాన్ని మరీ సీరియస్‌గా తీసుకున్నట్టుంది.

మెమరీ ఎందుకు మండుతోంది? ఏఐ డేటా సెంటర్ల కోసం. మెమరీ కంపెనీలు లాభమెక్కువ వచ్చే ఆ సరుకు వైపు తమ ఫ్యాక్టరీలని మళ్ళించాయి. మామూలు ర్యామ్‌కి కరువొచ్చింది. పొద్దున్న ఆఫీసులో కూర్చుని ఏఐ ఫీచర్లు కట్టేదీ మనమే, సాయంత్రం ఇంటికొచ్చి ర్యామ్ ధర చూసి నిట్టూర్చేదీ మనమే.

"బాబూ, డాలర్లలో ద్రవ్యోల్బణం లెక్కేశావా?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 2012 నాటి 35 డాలర్లు ఇప్పటి దాదాపు 50 డాలర్లతో సమానం. 2025 డిసెంబర్‌లో 1 జీబీ పై 5 ని 45 డాలర్లకి తెచ్చారు. ఆ లెక్కన ధర తగ్గినట్టే. కానీ తెనాలిలో లెక్క రూపాయల్లో ఉంటుంది. 2012 ఫిబ్రవరిలో డాలరు 49 రూపాయల దగ్గరుంది. అంటే 35 డాలర్లు సుమారు 1,700. 2025 డిసెంబర్‌లో డాలరు 90 దాటింది. 45 డాలర్లంటే నాలుగువేల పైమాటే.

మావాడు కొన్నది 4 జీబీది. బోర్డు 70, దాని 27 వాట్ల అడాప్టరు 12, కూలర్ 5. మొత్తం 87 డాలర్లు. 90 చొప్పున 7,830. 18 శాతం పన్ను కలిపితే 9,240 దాకా వచ్చింది. మెమరీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబులు వేసుకోండి. వాడు చెప్పిన పదివేలు సరిపోయింది. మా రోజుల్లో మూడువేల బోర్డు చుట్టూ మిగతావన్నీ ఇంట్లో దొరికేవే. ఇప్పుడు అడాప్టర్ నుంచి కేబుల్ దాకా ప్రతీదీ ప్రత్యేకం.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నా దగ్గర నాలుగు పై బోర్డులున్నాయి. పై 4 ఒకటి ఇంట్లో ప్రకటనలు అడ్డుకునే పని చేస్తుంది. పై 5 మీద ఎన్వీఎమ్ఈ పెట్టి సినిమాలు, ఫోటోలు దాచుకున్నాను. కాలేజీ నాటి రెండో పై 3, ఒక జీరో డబుల్యూ డ్రాయర్లో నిద్రపోతున్నాయి. నాలాంటి జీతగాళ్ళే కదా ఇన్నేళ్ళూ ఇంకా స్పీడు, ఇంకా ర్యామ్, రెండు మానిటర్లు అని అడిగింది. వాళ్ళూ ఇచ్చారు. పై 5 కి రెండు 4కే మానిటర్లు తగిలించొచ్చు. మావాడికి హాస్టల్లో ఒక మానిటర్ కూడా లేదు. మన కోరికల బిల్లు వాడు కడుతున్నాడు.

అందుకని వచ్చే తరం మీద నా ఆశలు వాడి వైపు నుంచి రాస్తున్నా. పై 4కీ పై 5కీ మధ్య నాలుగేళ్ళ పైన పట్టింది. తరవాతిది ఎప్పుడొస్తుందో జోస్యం చెప్పను గానీ, ఎప్పుడొచ్చినా ఇవి ఉంటే బావుంటుంది.

మొదటిది: పై 6 ఎంత ఖరీదైనా పెట్టుకోండి, అభ్యంతరం లేదు. జీతగాళ్ళం కొంటాం. కానీ దాంతోపాటే ఒక చిన్న తమ్ముణ్ణి విడుదల చెయ్యాలి, 35 డాలర్లు దాటకుండా. ఇది కొత్త ఆలోచనేం కాదు. 2018లో 3ఏ+ అని 25 డాలర్ల బోర్డు తెచ్చారు. 512 ఎంబీ ర్యామ్, మామూలు సైజు హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ, వైఫై. ఆ తరవాత 4ఏ రాలేదు, 5ఏ రాలేదు. ఆ వంశాన్ని మళ్ళీ లేపండి. పాత కోర్లే వాడండి, పర్లేదు. ర్యామ్ 1 జీబీ చాలు, యూఎస్‌బీలు రెండు చాలు. పైథాన్‌లో ఎల్ఈడీ వెలిగించడానికి, సెన్సార్ రీడింగు తీసుకోవడానికి, చిన్న వెబ్ సర్వర్ నడపడానికి అంతకుమించి అక్కర్లేదు. మెమరీ ధరే అసలు జబ్బు అయినప్పుడు తక్కువ మెమరీతో బతకడమే మందు.

రెండోది: పిన్నులకి రక్షణ. 40 పిన్నుల వరస మార్చమనట్లేదు, దాని మీద ఆధారపడి బోలెడు యాడ్ ఆన్ బోర్డులున్నాయి. కానీ పై పిన్నులు 3.3 వోల్టులవి. మార్కెట్లో దొరికే చవక సెన్సార్లలో చాలా 5 వోల్టులవి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్‌ని మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టకుండా నేరుగా తగిలిస్తే పిన్ను పోయే ప్రమాదముంది. ఇది అసాధ్యమా అంటే కాదు. 2024లో వాళ్ళే తెచ్చిన పికో 2 లోని ఆర్‌పీ2350 చిప్పు, దానికి పవర్ ఉన్నంతసేపూ, డిజిటల్ పిన్నుల మీద 5 వోల్టులని తట్టుకుంటుంది. పై 5 లో పిన్నుల వ్యవహారమంతా చూసే ఆర్‌పీ1 చిప్పు కూడా వాళ్ళ సొంత డిజైనే. అంటే విద్య చేతిలో ఉంది. 5 డాలర్ల బోర్డుకి ఉన్న కవచం అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన దానికి ఎందుకుండకూడదు? ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టే మావాడిలాంటి మహానుభావుల కోసం 3.3 వోల్టుల లైను మీద కూడా ఏదైనా రక్షణ పెడితే పుణ్యముంటుంది.

మూడోది: ఇంట్లో ఉన్న చార్జర్‌తో నడవాలి. పై 5 పూర్తి స్థాయిలో పనిచెయ్యాలంటే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. మామూలు టైప్-సీ చార్జర్లు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లతో ఆపేస్తాయి. అప్పుడు బోర్డు యూఎస్‌బీలకి వెళ్ళే కరెంటుని 600 మిల్లీఆంపియర్లకి కత్తిరించేస్తుంది. ఈమధ్య వచ్చే చార్జర్లలో చాలావాటికి 9 వోల్టులివ్వడం వచ్చు. 9 వోల్టులు తీసుకుని బోర్డు మీదే తగ్గించుకుంటే ప్రత్యేకమైన అడాప్టర్ గొడవ ఉండదు. అలాగే మైక్రో హెచ్‌డీఎంఐ తీసేసి మామూలు పెద్ద పోర్టు ఒకటి పెట్టండి చాలు. ఆ మైక్రో కేబుల్ కోసం మావాడు తెనాలిలో నాలుగు షాపులు తిరిగి, చివరికి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు.

నాలుగోది: కరెంటు పోయినా చావకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో కరెంటు చెప్పి పోదు. కార్డు మీద రాస్తుండగా పోతే ఫైల్ సిస్టమ్ చెడిపోవచ్చు. నాకు రెండుసార్లయింది. మందు ఓఎస్‌లోనే ఉంది, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని. అది ఆన్ చేస్తే మార్పులన్నీ ర్యామ్‌లోనే జరుగుతాయి, కార్డు జోలికి పోదు. కానీ సెట్టింగుల్లో ఎక్కడో మూలన దాక్కుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడే "మీ దగ్గర కరెంటు తరచూ పోతుందా?" అని అడిగితే ఎంత బావుంటుంది! దీనికి పైసా ఖర్చు లేదు.

ఐదోది: అనలాగ్ ఇన్‌పుట్. నేల తేమ, వెలుతురు, పొటెన్షియోమీటర్ లాంటివన్నీ అనలాగ్. వాటిని పై నేరుగా చదవలేదు, మధ్యలో ఇంకో చిప్పు కావాలి. విచిత్రమేంటంటే ఆర్‌పీ1లో ఏడీసీ ఉంది, కానీ దాన్ని ఆ 40 పిన్నుల దాకా తీసుకురాలేదు. వచ్చేసారి పక్కన చిన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌తో అయినా బయటికి తెస్తే సెకండియర్ ఈసీఈ వాళ్ళంతా దండం పెడతారు.

ఎన్‌పీయూ మాత్రం బోర్డులో కలపొద్దని నా కోరిక. కావల్సినవాళ్ళకి 2024 నుంచి ఏఐ హ్యాట్ విడిగా దొరుకుతోంది. అందరి ధరలో అది కలిపితే ఎల్ఈడీ వెలిగించేవాడు కూడా దానికి డబ్బు కట్టాలి.

ఇప్పుడు మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. "పికో ఉంది కదా, ఈఎస్‌పీ32 నాలుగైదు వందలకొస్తుంది కదా, వాటితో నేర్చుకోమను." నిజమే, సెన్సార్లు మాత్రమే కావాలంటే నేనూ అవే చెప్తాను. కానీ అవి మైక్రోకంట్రోలర్లు. వాటి మీద పనిచెయ్యాలంటే పక్కన ఇంకో కంప్యూటర్ ఉండాలి. పై గొప్పతనం అదే కంప్యూటర్ కావడం. టెర్మినల్ తెరిచి, ప్రాసెస్ అంటే ఏంటో, పర్మిషన్లంటే ఏంటో చూసి, ఎస్ఎస్‌హెచ్‌తో ఇంకో గదిలోంచి లాగినయి, పొరపాటున రూట్ ఫోల్డర్ లేపేసి, మళ్ళీ కార్డు రాసుకోవడం వేరే చదువు. నాకు మొదటి ఇంటర్వ్యూలో లినక్స్ ప్రశ్నలకి జవాబులొచ్చింది ఆ చదువు వల్లే. 15 డాలర్ల జీరో 2 డబుల్యూ ఆ చదువు చెప్పగలదు, కాదనను. కానీ దానికి మినీ హెచ్‌డీఎంఐ, మైక్రో యూఎస్‌బీ. టీవీకొక కన్వర్టర్, కీబోర్డుకొక కన్వర్టర్, మౌస్ కూడా కావాలంటే హబ్. వైర్ల మధ్య బోర్డుని వెతుక్కోవాలి. కొత్త తరంలో మధ్యలో ఉండాల్సిన మెట్టు ఒకటి లేదు. నేనడిగేది ఆ మెట్టు.

"సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కోమను" అనేది ఇంకో సలహా. చక్కగా కొనుక్కోవచ్చు. కాకపోతే దానికి 40 పిన్నులుండవు. పైగా అది ఇంటికొచ్చిన మర్నాడే "జాగ్రత్తగా వాడుకో" జాబితాలో చేరిపోతుంది.

స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీకి 35 డాలర్ల బోర్డు మీద మోజుంటుందా అన్న అనుమానం నాకూ ఉంది. ఒక్కటే చెప్పగలను. ఆఫీసులో ఏదైనా ప్రోటోటైప్‌కి బోర్డు ఎంచుకోవాల్సొస్తే నేను ఆలోచించకుండా పై అంటాను. ఎందుకంటే ఇరవయ్యేళ్ళప్పుడు దాన్ని కాల్చిన చేతులివి. అదే వయసులో దాన్ని పెట్టెలో దాచుకున్న కుర్రాడు రేపు ఇంజనీరై ఏ బోర్డు పేరు చెప్తాడు? ధరలో వదులుకున్న పది డాలర్లు పదేళ్ళ తరవాత ఆర్డర్ల రూపంలో తిరిగొస్తాయని నా నమ్మకం.

అయితే అన్నీ కేంబ్రిడ్జ్ వాళ్ళే చెయ్యాలని కూర్చుంటే కుదరదు. అప్పట్లో మా పై 3 మీద మొదటిసారి తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనబడ్డాయి. ఒక ఫాంట్ ప్యాకేజీ వేస్తే సరిపోయింది, కానీ అది తెలియడానికి నాకో పూట పట్టింది. ఇలాంటివి తెలుగులో రాసి పెట్టాల్సింది మనమే. ఇంకో పని కూడా మనదే, అది చెప్పి ముగిస్తా.

హైదరాబాద్ రాగానే డ్రాయర్ తీసి ఆ రెండో పై 3, కార్డు, పాత చార్జర్, రెండు రెసిస్టర్లు, గుప్పెడు జంపర్ వైర్లు ఒక డబ్బాలో పెట్టి మావాడికి పంపించాను. లోపల చీటీ రాశాను: "ఇది ఎప్పుడో డబ్బులొచ్చేసిన బోర్డు. నువ్వు కాల్చినా ఎవరూ ఏమీ అనరు. కాలిస్తే ఎలా కాల్చావో మాత్రం నాకు ఫోన్ చేసి చెప్పాలి."

పదిరోజుల తరవాత ఫోన్ చేశాడు. కాల్చలేదట. ఎల్ఈడీలు వెలిగించాడట, అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టి మేడ మీద వాటర్ ట్యాంకు నిండితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేశాడట. బాబాయి రోజూ మెట్లెక్కి ట్యాంకులోకి తొంగి చూసే పని తప్పింది. "రెసిస్టర్లు మర్చిపోయి ఒక పిన్ను పోగొట్టానన్నయ్యా, పక్క పిన్నుకి మార్చా" అని నవ్వుతూ చెప్పాడు. వాడు నవ్వుతూ చెప్పాడు చూశారూ, నాకు కావల్సింది అదే.

పై 5 మాత్రం ఇంకా బొమ్మల పక్కనే ఉందిట.

మీ డ్రాయర్లలో ఎన్ని నిద్రపోతున్నాయి? కొత్తది వచ్చేలోపు వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఇచ్చేటప్పుడు "జాగ్రత్త" అని మాత్రం అనకండి.